దుర్బిన్‌కు పెట్టిన బొట్టు

మెదక్‌లో మా ఇంటి డాబా ఎక్కితే చర్చి గోపురం కనిపిస్తుంది. రిటైరైనప్పటి నుంచి ఆ గోపురమే నాకు గీటురాయి. అటవీ శాఖలో కొత్తగా చేరిన పిల్లలు బైనాక్యులర్స్ కొనే ముందు ఎవరో చెప్పగా నా దగ్గరికి వస్తారు. వాళ్ళను డాబా మీదికి తీసుకుపోయి గోపురం వైపు నిలబెడతాను. మా పాతవాళ్ళం దాన్ని దుర్బిన్ అనే అంటాం. ఇక్కడా అలాగే రాస్తాను.

మొన్న అల్లాదుర్గ్ వైపు బీట్ ఆఫీసర్‌గా చేరిన సరిత అనే అమ్మాయి వచ్చింది. చెప్పులు విప్పకముందే ప్రశ్న వేసింది.

"ఏ కంపెనీది కొనమంటరు సార్?"

"కంపెనీ తర్వాత గని, ముందు కూసో. చాయ్ తాగు."

"మావోల్లేమో దుర్బిన్ ఎందుకు, ఫోన్ల జూమ్ చేస్తె అయిపాయె అంటున్నరు."

"మీవోల్లు అడవిల తిరిగేటోల్లా, ఆఫీసుల కూసునేటోల్లా?" అన్నాను. అమ్మాయి నవ్వి కూర్చుంది.

ఆమె అడిగినదానికి పావుగంటలో జవాబు చెప్పి పంపాను. రాత్రి పడుకున్నాక చెప్పని సంగతి గుర్తొచ్చింది. పాపన్నపేట దగ్గర ఒక మనిషికి ఎడమచేతి మూడు వేళ్ళు లేవు. అందుకు కారణం నేను సరిగా చూసుకోని ఒక దుర్బిన్. ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు పన్నెండేళ్ళు పట్టింది. సరితకూ ఆమె తర్వాత వచ్చేవాళ్ళకూ ఆ సంగతి తెలియాలని ఇది రాస్తున్నాను.

పెద్దగా చూపించేదంతా మంచిది కాదు

ఉద్యోగంలో చేరిన కొత్తలో హైదరాబాద్ పోయి ఫుట్‌పాత్ మీద ఒక దుర్బిన్ కొన్నాను. ఇరవై రెట్లు దగ్గరగా చూపిస్తుందని అమ్మినవాడు ప్రమాణం చేశాడు. అద్దాలు దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరుస్తుంటే ముచ్చటపడ్డాను. మా రేంజర్ విఠల్‌రావు సార్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గీ ఎర్ర కండ్లద్దాలు పెట్టుకొని ఎవరి పెండ్లికి పోతున్నవ్?" అన్నాడు. ఆఫీసంతా నవ్వింది. వారం తిరగకుండానే నాకూ అర్థమైంది. ఇరవై రెట్లు పెంచే దుర్బిన్ మన చేతి వణుకునూ ఇరవై రెట్లు పెంచుతుంది. కొమ్మ మీది పిట్ట కాస్తా ఉయ్యాల మీది పిట్ట అవుతుంది.

దుర్బిన్ మీద రెండు అంకెలు ఉంటాయి. ఎనిమిది, నలభై రెండు అని ఉంటే అది ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుందనీ, ముందు అద్దం వెడల్పు నలభై రెండు మిల్లీమీటర్లనీ అర్థం. పెద్ద అంకెను చిన్న అంకెతో భాగించండి. ఐదు దాకా వస్తే మంచిది. నాలుగు లోపు వస్తే పొద్దు వాలేసరికి అది గుడ్డిదవుతుంది. జంతువులు బయటికి వచ్చేది, మన పని మొదలయ్యేది ఆ వేళకే. కాబట్టి మన పనికి ఎనిమిది, నలభై రెండు చాలు. అంతకు మించినది కావాలనిపిస్తే అది మనసు కోరిక, కంటి అవసరం కాదు.

అంకెలు చూశాక గోపురం వైపు తిప్పండి. ఆకాశం ముందు గోపురం అంచు ఉన్నదున్నట్టు కనిపించాలి. దాని పక్కన ఊదా రంగు దారమో పచ్చ దారమో వేలాడితే అద్దం నాసిరకమే. ఐదు నిమిషాలు ఆపకుండా చూడండి. నుదురు లాగినట్టయితే రెండు గొట్టాలు ఒక దిక్కు చూడడం లేదన్నమాట. ఎంత తక్కువకు ఇచ్చినా దాన్ని వదిలేయండి. కళ్ళద్దాలు ఉన్నవాళ్ళు వాటితోనే చూడాలి. బొమ్మ పూర్తి గుండ్రంగా కనిపించకపోతే అది మీకు పనికిరాదు.

కుడి కన్ను దగ్గర విడిగా తిరిగే రింగు ఒకటి ఉంటుంది. మనలో ఎక్కువమందికి అది ఎందుకో తెలియదు. మన రెండు కళ్ళ చూపు సమానంగా ఉండదు కాబట్టి ఆ తేడాను సర్దడానికే అది. ముందు ఎడమ కంటితో చూసి నడిమి చక్రం తిప్పి సరిచేసుకోవాలి. తర్వాత కుడి కంటితో చూస్తూ ఆ రింగు తిప్పాలి. ఆఫీసులో ఒకే దుర్బిన్‌ను పదిమంది వాడితే ప్రతి ఒక్కరూ ప్రతిసారీ ఇది చేసుకోవాల్సిందే. పక్కవాడి కళ్ళద్దాలు పెట్టుకుని అడవిని తిట్టడం మన దగ్గర మామూలే.

బీరువాలో దేవుడు

నేను పనిచేసిన ఆ ఆఫీసు పేరు చెప్పను. తప్పు అక్కడి గోడలది కాదు, నాది. అక్కడ మంచి దుర్బిన్ ఒకటి ఉండేది. ఇత్తడి ఒళ్ళు, నల్లటి తోలు తొడుగు, ఎత్తితే చెయ్యి గుంజే బరువు. రేంజర్ విఠల్‌రావు సార్ దాన్ని ఇనుప బీరువాలో పెట్టి తాళం వేసేవాడు. ఆ తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది. తోలు పెట్టెలో దుర్బిన్, దాని చుట్టూ నాలుగు కలరా ఉండలు.

సార్ చెడ్డవాడు కాదు. నాకు అడవిలో అడుగులు వేయడం నేర్పిందే ఆయన. కాకపోతే అంతకుముందు పనిచేసిన చోట ఒక దిక్సూచి పోయి సంజాయిషీలు రాసి రాసి విసిగిపోయాడు. అప్పటినుంచి వాడితే వస్తువు పోతుందని, వాడకపోతే భద్రంగా ఉంటుందని నమ్మాడు. మన ఆఫీసుల్లో ఈ నమ్మకం చాలామందికి ఉంటుంది. పోయిన వస్తువుకు సంజాయిషీ అడుగుతారు, పాడైన వస్తువుకు అడగరు.

ఆ దుర్బిన్ ఏడాదిలో రెండుమూడుసార్లు బయటికి వచ్చేది. పెద్ద ఆఫీసర్లు వచ్చినప్పుడు ఒకటి, దసరాకు ఒకటి. ఆయుధ పూజ నాడు జీపు, గొడ్డళ్ళు, కొలత గొలుసు, టైపు మిషను అన్నీ కడిగి వరుసగా పెట్టేవాళ్ళం. వాటి మధ్య పీట వేసి దుర్బిన్‌ను కూర్చోబెట్టేవాళ్ళం. బొట్టు పెట్టే పని నాది. మొదటి ఏడాది గొట్టం మీద పెట్టబోతుంటే సార్ ఆపాడు.

"దానికి కండ్లు గవి గద. కండ్లకు పెట్టు. రెండిటికి సమానంగ."

తడి పసుపు రాసి, మీద కుంకుమ అద్ది, ఒక్కో అద్దం నడుమ ఒక్కో బొట్టు పెట్టాను. చూడ్డానికి అమ్మవారి కళ్ళలా ఉందని అందరూ మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే అనిపించింది. మర్నాడు భుజం మీది తువ్వాలతో గట్టిగా తుడిచి, ఇంకా కాస్త తడిగా ఉండగానే తోలు పెట్టెలో పెట్టేశాను. ఇలా ఏడేళ్ళు చేశాను. అంత భక్తిగా ఒక అద్దాన్ని పాడుచేసినవాడు ఇంకొకడు ఉండడు.

మొద్దు

ఒక ఎండాకాలం పాపన్నపేట వైపు మంజీర ఒడ్డున ఉన్న ఒక ఊరి నుంచి కబురు వచ్చింది, మడుగులో మొసలి ఉందని. కబురు పంపింది పాపయ్య. చేపలు పట్టడమే ఆయన బతుకు. వల విసిరితే గుండ్రంగా విచ్చుకుని పడేదని ఆ ఊళ్ళో చెప్పుకునేవారు. ఊళ్ళో భయం వల్ల రెండు రోజులుగా ఎవరూ నీళ్ళలో దిగలేదు.

విఠల్‌రావు సార్ ఊళ్ళో లేడు. పోయేముందు నన్ను నమ్మి తాళంచెవి నాకు ఇచ్చిపోయాడు. దుర్బిన్ మెడలో వేసుకుని పోయాను. చీకటి పడటానికి గంట ముందు చేరాను. ఒడ్డున ఇరవై మంది దాకా ఉన్నారు. నీళ్ళకు అవతల ఇసుక దిబ్బ మీద నల్లగా పొడుగ్గా ఏదో ఉంది.

"గదే సార్," అన్నాడు పాపయ్య. "మొసలే. నిన్న గూడ గక్కడ్నే పన్నది. మూతి అటు దిక్కున్నది చూడుండ్రి."

దుర్బిన్ ఎత్తాను. పొద్దు సరిగ్గా ఎదురుగా ఉంది. లోపలంతా పాలు కలిపిన నీళ్ళలా కనిపించింది. చక్రం తిప్పాను, రింగు తిప్పాను. నల్లటి గీత ఒకటి, దాని చుట్టూ తెల్లటి మసక. మూతి లేదు, కాళ్ళు లేవు. వెనక ఇరవై మంది ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఎవరో, "దుర్బిన్‌ల అంతా సాఫ్ కనబడ్తది, ఆగుండ్రి" అంటున్నారు.

'నాకు కనిపించడం లేదు' అంటే సరిపోయేది. లేదంటే చుట్టు తిరిగి అవతలి ఒడ్డుకు పోవచ్చు, పొద్దున మళ్ళీ రావచ్చు. మెడలో దుర్బిన్ వేసుకున్నవాడు కనిపించడం లేదని ఎలా అంటాడు?

"మొద్దు," అన్నాను. "కొట్టుకొచ్చిన మొద్దు."

జనం ఒక్కసారిగా తేలికపడ్డారు. పాపయ్య మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని ఇంకా అటే చూస్తున్నాడు. "మొద్దేనా సార్?" అన్నాడు. "మొద్దే" అన్నాను. ఆయన తల ఊపాడు.

మర్నాడు పొద్దున పాపయ్య వలతో నడుము లోతు నీళ్ళలో దిగాడు. మొసలి ఎడమ చెయ్యి పట్టింది. పక్కనున్నవాళ్ళు గడ కర్రలతో కొట్టి విడిపించారు. మూడు వేళ్ళు, అరచేతిలో సగం పోయాయి. నేను దవాఖానకు పోయేసరికి ఆయన భార్య లచ్చవ్వ వరండాలో కూర్చుని ఉంది. ఆమె నన్ను తిట్టలేదు.

"మీరు మొద్దన్నంకనే దిగిండు సార్," అంది. అంతే. ఆ తర్వాత ముఖం తిప్పుకుంది.

అక్కడి నుంచి నేరుగా నది అవతలికి పోయాను. దిబ్బ మీద మొద్దు లేదు. ఇసుక మీద తోక ఈడ్చిన గీత, దానికి రెండు పక్కలా గోళ్ళ అచ్చులు. కొత్తవే కాదు, ఎండి అంచులు రాలిన పాతవి కూడా ఉన్నాయి. పాపయ్య చెప్పినట్టు అది నిన్నా అక్కడే ఉంది, మొన్నా అక్కడే ఉంది.

రిపోర్టులో అది రాయలేదు. రాత్రి మొద్దు కొట్టుకుపోయిందని, ఎగువ నుంచి మొసలి వచ్చి ఉంటుందని రాశాను. ఊళ్ళోనూ అదే చెప్పాను. అందరూ నమ్మారు. పాపయ్య కూడా నమ్మాడు. నా ఉద్యోగంలో నేను చేసిన అన్ని తప్పుల్లోకీ ఇదే పెద్దది. దుర్బిన్‌లో కనిపించనిదాన్ని మొద్దు అనడం కంటే, ఆ రాతే పెద్ద తప్పు.

పూజ కాదు, గాలి కావాలి

ఆ నెలలోనే సార్‌ను ఒప్పించి, సెలవు పెట్టి దుర్బిన్‌ను హైదరాబాద్ తీసుకుపోయాను. కోఠీ దగ్గర ఒక సందులో జహంగీర్ భాయ్ అనే ముసలాయన కొలతల పరికరాలు, కెమెరాలు బాగుచేసేవాడు. ఆయన దుర్బిన్‌ను దీపానికి ఎదురుగా పట్టి, వెనక అద్దంలోంచి కాక ముందు అద్దంలోంచి లోపలికి చూశాడు. నన్నూ చూడమన్నాడు. లోపల గాజు మీద సాలెగూడులా తెల్లటి వేళ్ళు పాకి ఉన్నాయి. బూజు. పైన అద్దం మీద తువ్వాల గీసిన సన్నటి గీతలు.

ముందు రింగు విప్పి తెల్ల కాగితం మీద తట్టాడు. ఎర్రటి పొడి రాలింది.

"గిదేంది సాబ్, దీనికి పూజ చేసిండ్రా?"

చెప్పాను. ఆయన నవ్వలేదు.

"దీనికి పూజ గాదు సాబ్, గాలి గావాలె. వెలుతురు గావాలె. రోజు కండ్లకు పెట్టుకునే మనిషి గావాలె. పెట్టెల పెట్టి మూస్తె ఏదైన గిట్లనే అయితది."

ఏడేళ్ళ బొట్లూ నా వేలితో పెట్టినవే. ఆయన అద్దాలు కడిగి చాలావరకు బాగుచేశాడు. ఎడమ గొట్టంలో ఒక మచ్చ మాత్రం పోలేదు. గాజునే తినేసిందన్నాడు.

ఆయన నేర్పినదే మీకు చెబుతున్నాను. దుమ్ము పడితే తుడవకండి, ముందు రబ్బరు బుడ్డితో గాలి కొట్టండి, లేదా మెత్తటి కుంచెతో దులపండి. దుమ్ము ఉండగా తుడిస్తే ఇసుకతో తోమినట్టే. ఆ తర్వాత మరక మిగిలితే నోటి ఆవిరి పట్టించి, ఉతికిన మెత్తటి నూలుగుడ్డతో నడుమ నుంచి అంచుకు గుండ్రంగా, నొక్కకుండా తుడవాలి. చొక్కా అంచు, తువ్వాల, చీర కొంగు మూడూ నిషేధం. వానలో తడిస్తే పెట్టెలో పెట్టకండి, ఫ్యాను కింద రాత్రంతా ఆరనివ్వండి. పొయ్యి దగ్గరా ఎండలోనూ ఆరబెట్టకండి. తోలు పెట్టె చెమ్మ తాగుతుంది, దాన్ని మరిచిపోండి. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, మందుల సీసాల్లో వచ్చే తేమ పీల్చే పొట్లాలు వేసి దాచండి. ఆ పొట్లాలను అప్పుడప్పుడు మార్చండి. ఇప్పుడు లోపల గాలి లేకుండా నత్రజని నింపి మూసిన దుర్బిన్లు వస్తున్నాయి. మన వానలకు అవే మేలు, నాలుగు నెలలు ఆగి అయినా అవే కొనండి.

ఎవరికైనా చూడ్డానికి ఇచ్చేటప్పుడు ముందు పట్టీ వాళ్ళ మెడలో వేసి, తర్వాత దుర్బిన్ చేతికి ఇవ్వండి. ఇంకొకటి, నెలకోసారి దీపానికి ఎదురుగా పట్టి ముందు నుంచి లోపలికి చూడండి. అందరం దుర్బిన్‌లోంచి బయటికే చూస్తాం.

బాగుచేయించి తెచ్చాక విఠల్‌రావు సార్‌కు కుంకుమ సంగతి చెప్పాను. ఆయన మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బల్ల మీద పెట్టాడు. మళ్ళీ తీసుకోలేదు. పాపయ్య విషయం ఆయనకూ చెప్పలేదు నేను.

చెప్పిన రోజు

ఒక చేత్తో వల విసరలేక పాపయ్య ఏడుపాయల గుడికి పోయే దారిలో కొబ్బరికాయల దుకాణం పెట్టుకున్నాడు. ఆ దారిన పోయినప్పుడల్లా ఆగేవాణ్ని. "మంచిగున్నరా సార్" అనేవాడు. నేను మంచిగున్నానని చెప్పి వచ్చేసేవాణ్ని. రిటైరైన ఏడాది తర్వాత ఒక మధ్యాహ్నం, నా సొంత దుర్బిన్ సంచిలో పెట్టుకుని, చెప్పకుండా తిరిగి రాకూడదని నిశ్చయించుకుని పోయాను.

దుకాణం వెనక బల్ల మీద కూర్చుని మొత్తం చెప్పాను. బొట్లు, బూజు, ఇసుక మీది పాత అచ్చులు, నేను రాసిన అబద్ధం. పాపయ్య వింటూ కుడిచేత్తో ఒక కాయ పీచు పీకుతూనే ఉన్నాడు.

"అంటె గది మొసలేనా సార్?" అన్నాడు చివరికి.

"మొసలే. నువ్వు చెప్పినట్టే."

పాపయ్య కాయ పక్కన పెట్టాడు.

"నాకు మొసలి లెక్కనే కనబడ్డది సార్. గని మీ చేతిల దుర్బిన్ ఉండె. నా కండ్లకంటె గది పెద్దదనుకున్న." ఆగి మళ్ళీ అన్నాడు. "చెయ్యి పోయింది, గది నా నసీబ్ అనుకున్న. గని మొద్దును జూసి మొసలన్ననని, నా చూపే పోయిందని అనుకున్న. అప్పట్నుంచి దూరంగ బస్సు వస్తె గూడ బోర్డు పక్కోన్నే అడుగుత. గింత పరేషాన్ ఎందుకు పెట్టిండ్రు సార్, అప్పుడే జెప్తె అయిపోతుండె గద."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు. మూడు వేళ్ళ లెక్కే మోసుకుంటూ వచ్చాను గాని, ఆ మనిషి కళ్ళను కూడా నేనే తీసుకున్నానని పన్నెండేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు. తప్పు చేసినందుకు బాధపడటం వేరు, అది అవతలివాణ్ని ఎక్కడ కొట్టిందో తెలుసుకోవడం వేరు. బాధ మనకు ఇంట్లో కూర్చున్నా వస్తుంది. రెండోది పోయి అడిగితేనే తెలుస్తుంది.

పాపయ్యే లేచాడు. "రాండ్రి సార్, జర మంజీర దిక్కు పోదాం" అన్నాడు. దుకాణం లచ్చవ్వకు అప్పజెప్పి నడిచాం.

అదే మడుగు. ఈవలి ఒడ్డున ఇద్దరు ఆడవాళ్ళు బట్టలు ఉతుకుతున్నారు. పొద్దు ఇంకా ఎత్తుగానే ఉంది, కళ్ళలో పడటం లేదు. అవతలి దిబ్బ మీద, నీళ్ళ అంచున, నల్లగా ఒకటి. పాపయ్య చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. తర్వాత అలవాటు కొద్దీ నా వైపు తిరిగాడు.

"మొద్దేనా సార్?"

సంచిలోంచి దుర్బిన్ తీసి, పట్టీ ఆయన మెడలో వేశాను. ఎడమ కన్ను, నడిమి చక్రం, కుడి కన్ను, రింగు. ఒక్కొక్కటే చెప్పాను. మిగిలిన రెండు వేళ్ళ చేతిని గొట్టం కింద ఆనించి, కుడిచేత్తో తిప్పుకున్నాడు. చూశాడు. దుర్బిన్ దించి ఉత్త కళ్ళతో చూశాడు. మళ్ళీ ఎత్తి చూశాడు.

ఈసారి నన్ను అడగలేదు. ఆడవాళ్ళ వైపు తిరిగి, "అవ్వా, బట్టలు ఆడ్నే ఇడిసిపెట్టుండ్రి. బయటికి రాండ్రి. మొసలున్నది" అని కేకేశాడు. వాళ్ళు లేచి గట్టు ఎక్కేదాకా కేకేస్తూనే ఉన్నాడు.

తర్వాత దుర్బిన్ మెడలోంచి తీయకుండానే గట్టు మీద కూర్చున్నాడు.

"గా దినం గూడ గిదే జెప్పిన," అన్నాడు, నది వైపు చూస్తూ.